టేపు లేకపోయినా నాటకం ఉంది: తెలుగు నాటక సమాజాలకు బహిరంగ లేఖ

తెలుగు నాటక సమాజాల పెద్దలకు, పరిషత్తుల నిర్వాహకులకు, ఒకప్పుడు హైదరాబాదు దూరదర్శన్ నాటకాల్లో వేషం కట్టినవారికి, వాళ్ల వెనక నిలబడి మేకప్ చేసినవారికి, పరదాలు కట్టినవారికి, హార్మోనియం వాయించినవారికి, ఆ కళాకారుల కుటుంబాలకు నమస్కారం.

మీ ఇళ్లలో ఉన్న కొన్ని వస్తువుల గురించి ఈ ఉత్తరం. నాటకం స్క్రిప్టులు, అంచులు వంకర తిరిగిన ఫొటోలు, నేపథ్య సంగీతం ఎక్కించుకున్న ఆడియో క్యాసెట్లు, సెట్టు ఎలా ఉండాలో గీసుకున్న కాగితాలు. టీవీలో వేసిన నాటకం టేపే దొరకనప్పుడు ఇవన్నీ ఎందుకని పాత కాగితాలవాడికి వేసేస్తున్నారు. నేను రంగాలంకరణ చేసేవాణ్ణి. అట్టముక్కకూ రంగు పూసిన గుడ్డకూ విలువ కట్టడం నా వృత్తి. టేపు లేకపోతే ఏమీ లేనట్టే అన్న మాట నిజం కాదని చెప్పడానికి ఒక గట్టి రుజువు ఉంది. అది మన గడ్డ మీద జరిగింది కాదు, 1930లో లండన్‌లో జరిగింది. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1930 జులై 14, మధ్యాహ్నం మూడున్నర గంటలు. లండన్‌లోని లాంగ్ ఏకర్ వీధిలో 133వ నంబరు భవనం. బ్రిటన్‌లో టెలివిజన్‌కు ఆద్యుడైన జాన్ లోగీ బెయిర్డ్ కంపెనీ స్టూడియో అక్కడే ఉండేది. బెయిర్డ్ కంపెనీ, బీబీసీ కలిసి ఆ రోజు ఒక నాటకాన్ని ప్రసారం చేశాయి. బ్రిటన్‌లో టీవీలో వచ్చిన తొలి నాటకం అదే. ఇటలీ నాటకకర్త లుయీజీ పిరాండెల్లో రాసిన ఏకాంకిక అది. పేరు ‘నోట్లో పువ్వున్న మనిషి’. నిర్మాత లాన్స్ సీవ్‌కింగ్. బీబీసీ నాటక విభాగం అధిపతి వాల్ గీల్‌గుడ్ కూడా ఈ ప్రయత్నంలో ఉన్నాడు. ఎర్ల్ గ్రే, లయొనల్ మిలార్డ్, గ్లాడిస్ యంగ్ నటించారు. మొత్తం ముగ్గురే. ప్రదర్శన అరగంటకు మించలేదు.

అప్పటికి టెలివిజన్ అంటే ఏమిటో తెలిస్తే తప్ప వాళ్లు చేసిన పని ఎంతటిదో అర్థం కాదు. మనకు తెలిసిన కెమెరా లేదు. నటుడు చీకటి గదిలో కూర్చునేవాడు. రంధ్రాలున్న పళ్లెం ఒకటి గిర్రున తిరుగుతూ ఒక వెలుగు చుక్కను అతని ముఖం మీద గీతలు గీతలుగా పరిగెత్తించేది. ముఖం మీంచి తిరిగొచ్చిన వెలుగును ఫొటోసెల్స్ పట్టుకొని కరెంటు సంకేతంగా మార్చేవి. బొమ్మ మొత్తానికి ఉన్నవి 30 నిలువు గీతలు. సెకనుకు పన్నెండున్నర బొమ్మలు. మనం ఇప్పుడు ఇంట్లో చూస్తున్న హెచ్‌డీ బొమ్మలో 1080 గీతలు ఉంటాయి, పోల్చి చూడండి. అవతల ప్రేక్షకుడి దగ్గర ఉండే పెట్టెలో నియాన్ దీపం, మళ్లీ అలాంటిదే ఒక పళ్లెం. నారింజ రంగులో మినుకుమినుకుమనే ఆ చిన్న బొమ్మను భూతద్దం లోంచి చూసేవారు. ఆ బొమ్మ కూడా వెడల్పు తక్కువ, పొడవెక్కువ. అందులో ఒక్క ముఖం మాత్రమే పడుతుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఇద్దరూ కనిపించరు.

ధ్వని, దృశ్యం కలిసి రావడమే అప్పటికి కొత్త. 1929 సెప్టెంబరులో ప్రయోగాత్మక ప్రసారాలు మొదలైనప్పుడు ట్రాన్స్‌మిటర్ ఒక్కటే ఉండడంతో, బొమ్మనూ మాటనూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి పంపేవారు. లండన్ దగ్గరి బ్రూక్‌మన్స్ పార్కులో రెండో ట్రాన్స్‌మిటర్ సిద్ధమైన తర్వాత, 1930 మార్చి చివర నుంచే రెండూ ఒకేసారి వినబడి కనబడ్డాయి. అంటే మాటా మనిషీ జతకూడిన మూడున్నర నెలలకే వాళ్లు నాటకానికి సాహసించారు. అప్పటి ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ఇంట్లో కూడా బెయిర్డ్ ఇచ్చిన టెలివిజర్ (పైన చెప్పిన ప్రేక్షకుడి పెట్టె పేరు అదే) ఒకటి ఉండేది.

ఇంత ఇరుకులో ఏ నాటకం వేయాలి? యుద్ధాలూ రాజదర్బారులూ కుదరవు. పిరాండెల్లో ఏకాంకికను ఎంచుకున్న మనిషికి నేను చేతులెత్తి మొక్కుతాను. అందులో సంగతి ఇది. అర్ధరాత్రి, రైలు స్టేషను దగ్గర ఒక కాఫీ హోటలు. చేతినిండా పొట్లాలతో వచ్చి, రైలు తప్పిపోయిన ఒక సామాన్య గృహస్థు అక్కడ కూర్చొని ఉంటాడు. మరో మనిషి అతనితో మాట కలుపుతాడు. ఆ మాట్లాడే మనిషి పెదవి మీద, మీసం కింద, చిన్న పుండు ఉంది. అది క్యాన్సరు. దానికే అతను పువ్వని పేరు పెట్టుకున్నాడు. చావు వచ్చి తన నోట్లో ఆ పువ్వు గుచ్చి వెళ్లిందంటాడు. అతని భార్య దూరంగా మూలల్లో నీడలా వెంటాడుతూ ఉంటుంది, దగ్గరికి రాదు. అతను ఆమెను దగ్గరికి రానివ్వడు.

నాటకమంతా దాదాపు అతని మాటలే. దుకాణాల్లో గుమాస్తాలు పొట్లం ఎలా కడతారో, కాగితం ఎలా మడతపెడతారో, దారం ఎలా ముడివేస్తారో గంటలకొద్దీ నిలబడి చూస్తానంటాడు. ముక్కూ ముఖం తెలియనివాళ్ల బతుకుల్లోకి ఊహతో దూరి వాటిని పట్టుకు వేలాడతాడు. ఆప్రికాట్లు, అంటే మన హైదరాబాదు విందుల్లో తినే ఖుబానీలు, ఎండబెట్టకముందు తాజా పండ్లుగా ఉన్నప్పుడు తొక్కతో సహా చీల్చుకొని ఎలా తింటారో నోరూరేలా చెబుతాడు. చివర్లో ఆ గృహస్థును ఒక కోరిక కోరతాడు. తెల్లవారి నీ ఊళ్లో రైలు దిగి నడుస్తున్నప్పుడు దారి పక్కన కనబడిన మొదటి గడ్డి దుబ్బులో ఎన్ని పోచలున్నాయో లెక్కపెట్టు, నాకు మిగిలిన రోజులు అన్ని. కాస్త పెద్ద దుబ్బునే చూసుకో, అంటాడు.

ముప్పై గీతల బొమ్మలో ఆ పుండు కనబడదు. కనబడే అవకాశమే లేదు. నటుడు దాన్ని తన మాటతో, పెదవి కదిపే తీరుతో చూపించాలి. ఒక్క ముఖమే పట్టే తెరకు, ఒక్క మనిషి తన ముఖం మీది మరణం గురించి మాట్లాడే నాటకం. ఆ యంత్రానికి ఇంతకంటే తగిన నాటకం ఇంకొకటి దొరికేదని నేననుకోను. రంగస్థలం మీద ఈ నాటకం చూసే ప్రేక్షకుడు ఆ రోగికి ఇరవై, ముప్పై అడుగుల దూరంలో ఉంటాడు. టెలివిజర్ ముందు కూర్చున్నవాడు అద్దానికి ముఖం ఆనించి, అతని శ్వాసకు ఎదురుగా ఉన్నాడు. మన పరిషత్ నాటికల్లో కూడా ఇద్దరు ముగ్గురు పాత్రలతో, ఒకే గదిలో, చావు అంచున నడిచే కథలు ఎన్ని లేవు! అవి దూరదర్శన్‌కు వెళ్లినప్పుడు చిన్న తెర మీద ఎందుకు అంత బలంగా కుదిరాయో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక నా వృత్తికి సంబంధించిన ముచ్చట. ఈ ప్రసారానికి దృశ్యాలు గీసింది సి.ఆర్.డబ్ల్యూ. నెవిన్సన్. మొదటి ప్రపంచ యుద్ధాన్ని బొమ్మలుగా గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. అంతటివాడు ఈ పనికి కూర్చొని, వెలుగు చుక్క ముందు పెట్టడానికి వీలుగా చిన్న చిన్న బొమ్మలు గీశాడు. సన్నటి వివరం ఏదీ ఆ తెరలో నిలవదు కాబట్టి గీత బలంగా ఉండాలి, తెలుపు నలుపులు స్పష్టంగా విడిపోవాలి. నటుల ముఖాలకూ అంతే, కనుబొమ్మలు, ముక్కు అంచులు, పెదవులు ముదురు రంగుతో దిద్దితేనే మనిషి పోలిక తెలిసేది. ఒక ముఖం నుంచి మరో ముఖానికి మారడానికి గళ్లగళ్ల పలక ఒకటి వెలుగుకు అడ్డంగా జరిపేవారు. ఆ పలక చాటున ఒక నటుడు పక్కకు జరిగితే మరొకరు వచ్చి కూర్చోవాలి. చీకట్లో, చప్పుడు కాకుండా. మన సురభి కళాకారులు పరదా వెనక క్షణాల్లో దృశ్యం మార్చేటప్పుడు పడే ఆత్రం చూసినవాళ్లకు ఆ స్టూడియోలో పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. సంగీతానికి ఒక గ్రామఫోను రికార్డు పెట్టారు.

మధ్యాహ్నం నాలుగు గంటలయ్యేసరికి అంతా అయిపోయింది. రికార్డు చేయలేదు. టీవీ ప్రసారాన్ని భద్రపరిచే పద్ధతి బీబీసీ దగ్గర అప్పటికి లేదు. గాలిలోకి వెళ్లింది, పోయింది.

ఇదొక్కటే కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1928 సెప్టెంబరు 11న, అమెరికాలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు ‘ద క్వీన్స్ మెసెంజర్’ అనే ఏకాంకికను టెలివిజన్‌లో ప్రసారం చేశారు. అందులో రెండే పాత్రలు. ముఖాలు చూపించడానికి ఇద్దరు నటులు, చేతులూ వస్తువులూ చూపించడానికి ఇంకో ఇద్దరు. మూడు కెమెరాలు. అదీ గాలిలో కలిసింది. 1936 నవంబరులో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ మెరుగైన టీవీ మొదలుపెట్టాక రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా ఎన్నో రంగస్థల నాటకాలు వేసింది. 1937లో యుద్ధ కందకాల నాటకం ‘జర్నీస్ ఎండ్’, 1938లో కారెల్ చాపెక్ రాసిన రోబోల నాటకం. ఆ రోజుల్లో నాటకాన్ని రెండోసారి చూపించాలంటే నటులంతా మళ్లీ స్టూడియోకి వచ్చి మొదటి నుంచి ఆడాల్సిందే. యుద్ధానికి ముందు ఆడిన వాటిలో ఒక్క నాటకం రికార్డు కూడా లేదు. ఫొటోలు, స్క్రిప్టులు, పత్రికల్లో వచ్చిన నాలుగు మాటలు, అంతే.

అయినా 1930 నాటి ఆ నాటకం మళ్లీ బతికింది. 1967లో. బిల్ ఎలియట్ అనే సాంకేతిక నిపుణుడు ముప్పై గీతల పరికరాన్ని మళ్లీ తయారు చేశాడు. నాటకం ఉంది, ఎందుకంటే అది అచ్చయిన నాటకం. నిర్మాత సీవ్‌కింగ్ అప్పటికింకా బతికి ఉన్నాడు, తనే వచ్చి దగ్గరుండి మళ్లీ చేయించాడు. నెవిన్సన్ 1946లోనే పోయాడు. కానీ ఆయన గీసిన బొమ్మలు పోలేదు, 37 ఏళ్ల తర్వాత అవే బొమ్మలు మళ్లీ ఆ వెలుగు చుక్క ముందుకు వచ్చాయి. సంగీతానికి కూడా మొదటిసారి వాడిన గ్రామఫోను రికార్డే పెట్టారు. విద్యార్థులు నటించారు. ఈ రోజు ఆ నాటకం అంటూ ఎవరైనా మీకు నాలుగు నిమిషాల వీడియో చూపిస్తే అది 1967 నాటిది, 1930 నాటిది కాదు. అయినా దాన్ని చూస్తే నెవిన్సన్ గీత కనబడుతుంది. ఆ ముఖం గీతల మధ్య ఎలా వణికేదో తెలుస్తుంది. రంగస్థలం మనిషి టెలివిజన్‌లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఎంత ఇరుకులో నిలబడి నటించాడో కళ్లకు కడుతుంది.

నా రుజువు ఇదే. ఆ నాటకాన్ని కాపాడింది టేపు కాదు. కొన్ని అట్టలను పారేయకుండా దాచిన చేతులు, ఒక గ్రామఫోను పళ్లెం, ఇంకా గుర్తున్న ఒక ముసలాయన.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1933 ఏప్రిల్‌లో బీబీసీ ముప్పై గీతల ప్రసారాన్ని ఒక ప్రేక్షకుడు ఇంట్లో తన పరికరంతో అల్యూమినియం డిస్కు మీద ఎక్కించుకున్నాడు. అది నాటకం కాదు, పాటలూ నాట్యాల కార్యక్రమం. దశాబ్దాలు గడిచాక ఆ డిస్కు బయటపడితే, కంప్యూటర్ సాయంతో అందులోంచి కదిలే బొమ్మల్ని తిరిగి రాబట్టారు. దాచింది సంస్థ కాదు, ఇంట్లో కూర్చున్న ఒక ప్రేక్షకుడు. మన విషయంలో కూడా ఇదే జరిగింది కదా! 1920లు, 30ల నాటి మన పద్యనాటక నటుల గొంతులు ఈ రోజు మనకు వినబడుతున్నాయంటే, గ్రామఫోను రికార్డులను ప్రాణంగా దాచుకున్న ఇళ్లవాళ్ల, సేకర్తల చలవే ఎక్కువ. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలో గొంతు ఎలా మలిచేవారో ఇవాళ కుర్ర నటుడు విని నేర్చుకోగలుగుతున్నాడు. వీడియో లేదని ఆ రికార్డులను ఎవరూ పారేయలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మన తెలుగు పల్లెలకు టీవీ మొదట వచ్చింది 1975–76లో, ఉపగ్రహం ద్వారా ఏడాది పాటు జరిగిన ‘సైట్’ ప్రయోగంలో. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. అప్పటికే మన నాటక సమాజాలు బలంగా ఉన్నాయి. తెనాలిలో 1929లో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్ సంప్రదాయం నుంచి ఊరూరా పరిషత్తులు వెలిశాయి. పోటీల్లో నెగ్గిన నాటికలు, జనం మెచ్చిన పద్యనాటకాల ఘట్టాలు దూరదర్శన్ స్టూడియోకి వెళ్లాయి. వేదిక మీద ఆడిన నాటకం స్టూడియోలో అలాగే కుదరదు. రెండు గంటల నాటకాన్ని గంటలోకి దించాలి. చివరి వరుస దాకా గొంతు వినిపించడం అలవాటైన నటుడు మైకు ముందు గొంతు తగ్గించాలి. పద్యం చివర రాగాన్ని ఎంతవరకు సాగదీయాలో, ఎక్కడ ఆపాలో హార్మోనిస్టుతో కూర్చొని మళ్లీ నిర్ణయించుకోవాలి. నలుపు తెలుపుల తెర మీద ఎర్ర చీర, నల్ల చీర దాదాపు ఒకేలా కనబడతాయి కాబట్టి దుస్తులు మార్చాలి. ఒక వైపే ప్రేక్షకులుండే వేదికకు వేసిన సెట్టును మూడు వైపుల నుంచి కెమెరాలు చూసేలా తిప్పాలి.

ఈ మార్పుల చరిత్ర టేపులో ఉండదు. టేపులో ఫలితం మాత్రమే ఉంటుంది. మార్పు ఎలా జరిగిందో మీ దగ్గరున్న స్క్రిప్టులో ఉంది. పెన్సిలుతో కొట్టేసిన డైలాగులు, పక్కన రాసుకున్న ‘ఇక్కడ కూర్చోవాలి’, ‘కుడి కెమెరా వైపు తిరగాలి’, ‘పద్యం ఒక్కసారే’ లాంటి మాటలు. రంగస్థలం నుంచి టీవీకి నాటకం ఎలా నడిచివచ్చిందో ఆ పెన్సిలు గీతలు చెప్పినట్టు మరేదీ చెప్పదు. అచ్చయిన పుస్తకం లైబ్రరీలో దొరుకుతుంది. ఆ గీతలున్న ప్రతి ప్రపంచంలో ఒక్కటే, అది మీ నాన్నగారి ట్రంకు పెట్టెలో ఉంది. పుస్తకం ఎలాగూ దొరుకుతుంది కదా అని దాన్ని పారేసిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు, ఆ గీతల విలువ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సెట్టు గీసుకున్న కాగితాల గురించి నా మాట ప్రత్యేకంగా వినండి. తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, మంచం ఎటు, నటుడు ఎటు నుంచి వస్తాడు అని నాలుగు గీతల్లో గీసిన ప్లాను ఒక్కటి ఉంటే, చూసినవాళ్లెవరూ మిగలకపోయినా ఆ నాటకాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు. అది లేకపోతే ఫొటోలు పది ఉన్నా గది ఆకారం అర్థం కాదు.

దయచేసి చేయవలసింది కొంత ఉంది. ముందు ఫొటోలు. ఎవరు ఏ వేషంలో ఉన్నారో, ఏ నాటకమో, ఏ ఊరో, గుర్తున్నంతవరకు ఏ సంవత్సరమో ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్నుతో వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఆ ముఖాలకు పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంకో పదేళ్లకు ఎంతమంది మిగులుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముఖ్యంగా స్త్రీ పాత్రధారుల పేర్లు. ఒక సమాజానికే కట్టుబడి ఉండక, పిలిచిన ప్రతి ఊరికీ రాత్రి బస్సుల్లో వెళ్లి వేషం వేసి వచ్చిన నటీమణుల పేర్లు సమాజాల రికార్డుల్లో చాలాచోట్ల ఉండవు. లండన్ నాటకంలో గ్లాడిస్ యంగ్ వేసింది నోరు విప్పని పాత్ర. దూరంగా నిలబడి భర్తను చూసే ఇల్లాలు. అయినా ఆమె పేరు ఇవాళ్టికీ ఉంది. పేజీలకు పేజీలు డైలాగులు చెప్పిన మన నటీమణి పేరు ఫొటో వెనక కూడా లేకపోవడం నాకు భరించరానిదిగా ఉంటుంది.

కాగితాలకు లామినేషన్ చేయించకండి. మన ఇళ్లలో ప్రేమతో చేసే పెద్ద పొరపాటు ఇదే. ఆ వేడి, ఆ జిగురు కాగితాన్ని లోపలే పాడుచేస్తాయి, తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టాపిలరు పిన్నులు జాగ్రత్తగా తీసేయండి. పగటి వెలుగులో, నేరుగా ఎండ పడని చోట పరిచి, ప్రతి పేజీకీ ఫోనుతో తిన్నగా పైనుంచి ఫొటో తీయండి. ఖాళీగా కనబడే పేజీ వెనక భాగం కూడా. అక్కడే తరచుగా సెట్టు ప్లానో, రిహార్సలు తేదీలో, ఎవరికి ఎంత ఇచ్చామన్న లెక్కలో ఉంటాయి. ఆ లెక్కలు కూడా చరిత్రే. నాటకం ఎంత ఖర్చుతో నడిచిందో, కళాకారుడికి ఎంత ముట్టిందో వాటిలోనే ఉంది.

క్యాసెట్ల విషయం ఇంకా సున్నితం. వీడియో క్యాసెట్ గానీ ఆడియో క్యాసెట్ గానీ, లోపల టేపు మీద తెల్లటి బూజు కనబడితే పాత ప్లేయరులో పెట్టి చూసే ప్రయత్నం చేయకండి. బూజు యంత్రానికి అంటుకుంటుంది, టేపు తెగుతుంది. ఆ ఒక్కసారి చూడాలన్న ఆత్రంలోనే చాలా పోతాయి. బూజు లేనివాటిని కూడా ముందు ఆ పని తెలిసినవాళ్ల చేత డిజిటల్‌లోకి ఎక్కించి, తర్వాతే తీరిగ్గా చూసుకోండి. అటక మీద వేడి, నేల మీద చెమ్మ రెండూ వాటికి శత్రువులే. పుస్తకాల్లా నిలువుగా, గోడకు ఆనకుండా, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో పెట్టండి. ఇంట్లో వీసీఆర్ ఉన్న అభిమానులెవరైనా ఆ రోజుల్లో టీవీ నుంచి నాటకం రికార్డు చేసుకొని ఉంటే, అల్యూమినియం డిస్కు దాచిన ఆ ప్రేక్షకుడు ఎంతటివాడో మీరూ అంతటివారే. పైన పెళ్లి వీడియో అని రాసి ఉన్నా లోపల ఏముందో ఒకసారి చూపించండి.

వస్తువుల కంటే ముందు పోయేవాళ్లు మనుషులు. 1980లలో స్టూడియోకి వెళ్లిన నటులు, మేకప్ కళాకారులు, హార్మోనిస్టులు ఇప్పుడు పెద్ద వయసులో ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చొని మాట్లాడించండి, ఫోనులో రికార్డు చేయండి. సన్మానసభ ప్రశ్నలు అడక్కండి. మీ అనుభవం ఎలా ఉందండీ అంటే ఎవరైనా బాగుందనే అంటారు. ఏ డైలాగు తీసేశారు, ఎందుకు తీసేశారు, ముఖానికి ఏ రంగు వేశారు, మొదటిసారి కెమెరా ముందు ఎక్కడ చూడమన్నారు, పద్యం ఏ శ్రుతిలో పాడారు, సెట్టులో కుర్చీ ఎటువైపు ఉండేది, అని అడగండి. చేతికి ఆ పాత స్క్రిప్టు ఇచ్చి అడిగితే ఇంకా మంచిది, కాగితం చూడగానే మర్చిపోయారనుకున్నది బయటికి వస్తుంది. సీవ్‌కింగ్ 1972లో కన్నుమూశాడు. 1967లో ఆయన్ని పిలవకుండా ఇంకో ఐదేళ్లు ఆగి ఉంటే, ఆ నాటకాన్ని ఎలా ఆడించాడో చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదు.

పరిషత్తుల నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా పోటీలు పెడుతున్నారు, మూడు రోజులో ఐదు రోజులో. ఉదయాలు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఒక ఉదయం ఈ పనికి కేటాయించండి. ఒక బల్ల, ఒక స్కానరు, పని తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు చాలు. చుట్టుపక్కల ఊళ్ల కళాకారుల కుటుంబాలను పిలవండి, తెచ్చిన కాగితాన్ని స్కాన్ చేసి అసలును అక్కడికక్కడే వాళ్ల చేతికి తిరిగి ఇవ్వండి. అసలు కాగితాలు ఎవరూ అట్టే పెట్టుకోకూడదు, ఈ నియమం లేకపోతే జనం నమ్మరు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. ఒక నకలు కుటుంబానికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి నాటక శాఖ ఉన్న విశ్వవిద్యాలయానికి. రచయిత అనుమతి, కుటుంబం అనుమతి లేకుండా ఏదీ బయట పెట్టవద్దు. బహుమతుల జాబితాలో ఇన్ని విభాగాలున్నాయి కదా, మంచి రాతప్రతిని భద్రపరిచిన సమాజానికి కూడా ఒక బహుమతి పెట్టండి. కుర్రాళ్లు దానికోసమైనా పెట్టెలు తెరుస్తారు.

హైదరాబాదు దూరదర్శన్ అధికారులకు కూడా ఒక మాట. తెలుగు నాటకాల రికార్డుల్లో ప్రస్తుతం మీ దగ్గర ఏవేవి ఉన్నాయో పేర్లు, తేదీలు, పాల్గొన్న కళాకారుల వివరాలతో ఒక జాబితా అందరికీ కనిపించేలా ప్రకటించండి. టేపు మీ దగ్గర, స్క్రిప్టు వాళ్లింట్లో ఉన్నప్పుడు రెండూ ఒకచోట కలిస్తేనే పని ముందుకు సాగుతుంది. టేపు లేదని తేలినా మేలే. ఆ నాటకం కాగితాలను ఎంత త్వరగా వెతకాలో అప్పుడే కదా తెలిసేది!

నాటక శాఖల విద్యార్థులకు ఒక సవాలు కూడా పెడుతున్నాను. టేపు దొరకదని తేలిన ఒక తెలుగు టీవీ నాటకాన్ని ఎంచుకోండి. దాని స్క్రిప్టు, ఫొటోలు, సెట్టు ప్లాను, బతికున్న కళాకారుల జ్ఞాపకాలు పోగుచేయండి. అప్పటి పద్ధతిలోనే, అప్పటి కెమెరా కదలికలతో, నలుపు తెలుపుల్లో మళ్లీ ఆడండి. ఆ రోజు నటించినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఎక్కడ తప్పు చేశారో వాళ్లే లేచి చెబుతారు. సెట్టు నేను వేస్తాను, కూలి తీసుకోకుండా. ఏ ఊళ్లో చేసినా వస్తాను, ప్లాను కాగితం ఒక్కటి చూపించండి చాలు.

నమస్కారాలతో,
ఒక రంగాలంకరణ కళాకారుడు